ఉబ్బే నరాలు, ఉబ్బని నరాలు

మార్చి 3, సోమవారం

హాల్లో గోడకి రంగు వేయించి నెల కాలేదు. అప్పుడే మడమల గుర్తులు పడ్డాయి. పిల్లలవి కావు. కోడలివి.

పార్లర్ నుంచి రాగానే హ్యాండ్‌బ్యాగ్ ఒక మూల పడేసి, నేల మీద వెల్లకిలా పడుకుని, రెండు కాళ్ళూ ఎత్తి గోడకి ఆనిస్తుంది. పక్కన చిన్న మనవరాలిది కూడా అదే వాలకం. తల్లీకూతుళ్ళిద్దరూ కాళ్ళు పైకి పెట్టుకుని నాతో మాట్లాడతారు. ఇంట్లో కుర్చీలు లేవా అని అడిగాను. కుర్చీలో కూర్చున్నా నొప్పే అత్తయ్యా, ఇలా పడుకుంటేనే ప్రాణం లేచొస్తుంది అంది. నొప్పి ఎక్కడంటే పొత్తికడుపులోనట. లోపల ఎవరో ఇసుక బస్తా వేలాడదీసినట్టు ఉంటుందట. పొద్దున లేచినప్పుడు ఏమీ ఉండదట. కస్టమర్ల జుట్టు కత్తిరిస్తూ నిలబడేకొద్దీ బస్తా బరువెక్కుతుందట. చిన్నది పుట్టాక మొదలైందట. చిన్నది ఇప్పుడు మూడో తరగతి.

ఇన్నేళ్ళూ చెప్పలేదేం అన్నాను. చెబితే మీ అబ్బాయి గ్యాస్ టాబ్లెట్ ఇచ్చారు అంది. నిజమే అయి ఉంటుంది. వాడు కాలు బెణికినా గ్యాస్ టాబ్లెటే వేసుకుంటాడు.

మార్చి 6, గురువారం

లేడీ డాక్టరు దగ్గరికి కోడలితో నేనే వెళ్ళాను. మావాడు వస్తానన్నాడు. ఆ వెయిటింగ్ హాల్లో మగవాళ్ళంతా ఫోన్లలో తలలు దూర్చి కూర్చుంటారు. ఆ పనికి ఇంకొకడు అక్కర్లేదని ఆఫీసుకి పంపించాను.

స్కాన్ తీశారు. గర్భసంచి నార్మల్. అండాశయాలు నార్మల్. అంతా నార్మల్. కోడలు మెట్లు దిగుతూ ఏడ్చింది. పరీక్ష పాసైనందుకు ఏడ్చే మనిషిని నేను ఎక్కడా చూడలేదు. ఏమైందమ్మా అంటే, నార్మల్ అంటే నేను అబద్ధం చెబుతున్నాననేగా అత్తయ్యా అంది.

మందు లేదు గానీ కత్తి ఉంది. పిల్లలిద్దరూ పుట్టేశారు కదా, ఇంక గర్భసంచితో పనేముంది, తీసేద్దాం అని డాక్టరు అంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత బీరువా గురించి మాట్లాడినట్టు మాట్లాడింది. ఈ నెల 24న ఆపరేషన్ అని చెప్పింది.

మార్చి 7, శుక్రవారం

మావాడు సాయంత్రం గోడ దగ్గర దిండు సర్దాడు. భార్య కోసం, గోడ సంగతి వాడికి పట్టలేదు.

మార్చి 10, సోమవారం

వియ్యపురాలి ఫోను. తీయించేయండి వదినగారూ, పీడా విరగడవుతుంది, నాకూ తీశారు, గుర్రంలా లేనూ అంది. ఆవిడకి నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి, రాత్రిళ్ళు నిద్ర పట్టదు. గుర్రాల ఆరోగ్యం గురించి నాకు అంతగా తెలియదు.

కోడలిని సూటిగా అడిగాను. నీకు తీయించుకోవాలని ఉందా? నేల మీద పడుకునే ఫ్యాను వంక చూస్తూ జవాబు చెప్పింది. నాకు నిలబడాలని ఉంది అత్తయ్యా, అది తీసేస్తే నిలబడగలనంటే తీసేయమనండి, తీసేశాక కూడా నొప్పి ఉంటే అప్పుడింకేం తీస్తారు, పార్లర్ మూసుకోవడమే కదా మిగిలేది అంది. ఆ పార్లర్ ఒక కుర్చీతో, ఒక అద్దంతో తనొక్కత్తే పెట్టుకుంది. ఇప్పుడు నాలుగు కుర్చీలు. ఒక్కదానిలోనూ తను కూర్చోదు.

ప్రశ్న సరైనదే. నొప్పి ఎక్కడిదో తేలకుండా కోసేయడమంటే తప్పు ఎక్కడుందో తెలియక పేజీ మొత్తం చింపేయడమే. బడిలో తెలుగు చెప్పిన రోజుల్లో అలాంటి పిల్లలకి సున్నా వేసేదాన్ని.

స్కాన్ తీసినవాళ్ళు ఇంకేమీ అనలేదా అని గుచ్చి గుచ్చి అడిగాను. అక్కడ నరాలు కొంచెం ఉబ్బినట్టున్నాయి, పిల్లలు పుట్టినవాళ్ళకి మామూలే అన్నారట. మామూలైతే చెప్పడమెందుకు? మావాడు యథాప్రకారం ఆలోచిద్దాం అన్నాడు. వాడు ఆలోచించి తేల్చేసరికి 24 వచ్చి పోతుంది. నరాలకి నరాల డాక్టరే కదా. అపాయింట్‌మెంట్ నేనే తీసుకున్నాను.

మార్చి 13, గురువారం

నరాల జబ్బు అని తెలిసి, అయితే ఇది నరదిష్టే అని వియ్యపురాలు తేల్చింది. నరుడు వేరు, నరం వేరు అని చెప్పాను. ఫోన్ పెట్టేసింది.

మార్చి 14, శుక్రవారం

నరాల డాక్టరు శ్రద్ధగల మనిషి. కోడలిని గీత మీద నడిపించాడు. కళ్ళు మూసుకుని ముక్కు ముట్టుకోమన్నాడు. చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టాడు. కాలు ఎగిరి ఆయన పెన్‌స్టాండ్‌ని పడేసింది. బ్రహ్మాండం అన్నాడు. పెన్నులన్నీ ఏరుకున్నాక, అసలు మిమ్మల్ని నా దగ్గరికి పంపిందెవరమ్మా అని అడిగాడు. నేనే అన్నాను. పొత్తికడుపులో నరాలు ఉబ్బాయని స్కాన్‌లో చెప్పారు అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి నవ్వాడు. మా నరాలు అలా ఉబ్బవమ్మా అన్నాడు. నలుగుతాయి, మండుతాయి, తిమ్మిరెక్కుతాయి గానీ ఉబ్బే డిపార్ట్‌మెంట్ వేరట. తర్వాత నా కాళ్ళ వైపు చూసి, మీ పిక్కల మీద మెలికలు తిరిగి పచ్చగా కనిపిస్తున్నాయే, వాటినేమంటారు అని అడిగాడు. నరాలు అన్నాను. చూశారా అన్నాడు.

చూశాను. కబురు మోసేదీ నరమే, రక్తం మోసేదీ నరమే. ఒక మాట, రెండు అర్థాలు. నానార్థాలు తప్పు రాసిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన నేను ఒక నానార్థం మీద జారి పడ్డాను. రక్తాన్ని గుండెకి తిరిగి మోసుకెళ్ళేదాన్ని సిర అనాలి. స్కాన్‌వాళ్ళు సిర అని ఉంటే ఈ పెన్‌స్టాండ్ పడేది కాదు.

కానీ మనిషి మంచివాడు. ఆడవాళ్ళకి లోపలి సిరలు కూడా మీ పిక్కల్లో లాగే ఉబ్బుతాయి, నిలబడితే నిండుతాయి, పడుకుంటే తగ్గుతాయి, ఈవిడ చెప్పేదంతా దానికి సరిపోతోంది, ఆపరేషన్‌కి ముందు అది చూపించుకోండి అన్నాడు. చూసేవాణ్ణి ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ అంటారట. గూడ్సు బండంత పేరు. సన్నని తీగలతో పని చేస్తాడన్నారు కాబట్టి తీగల డాక్టరు అని పెట్టుకున్నాం.

బస్సులో కోడలు దారి పొడుగునా నవ్వింది. ఇంట్లో ఒక సైన్సు టీచరు కూడా ఉండాల్సింది అత్తయ్యా అంది. కిటికీలోంచి చూడాల్సినవి చాలా ఉన్నాయి. చూశాను.

మార్చి 18, మంగళవారం

రక్తం ఎటు పారుతోందో చూపించే డాప్లర్ అనే స్కాన్. గదిలో అమ్మాయి కోడలిని పడుకోమంది. ఆగమన్నాను. పడుకుంటే ఈవిడకి నొప్పే ఉండదు, కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిరుగుతుందో లేదో చూస్తారా అని అడిగాను. ఇంతలో తీగల డాక్టరు వచ్చాడు. ముందు పడుకోబెట్టి చూస్తాం, తర్వాత నిలబెట్టి చూస్తాం, గట్టిగా ముక్కమని కూడా చూస్తాం, మీరు మాత్రం బయట కూర్చుని చూడండమ్మా అన్నాడు. బయట కూర్చున్నాను.

తర్వాత పిలిచి విడమరిచి చెప్పాడు. సిరల్లో చిన్న చిన్న తలుపులుంటాయట. కవాటాలు అన్నాను. వాల్వులు అన్నాడు. పైకెళ్ళిన రక్తం వెనక్కి జారకుండా అవి మూసుకోవాలి. కాన్పుల్లో సిరలు సాగిపోయి తలుపులు సరిగా పడటం లేదు. నిలబడగానే రక్తం కిందికి జారి గర్భసంచి చుట్టూ గుంటలో నీళ్ళలా నిలిచిపోతోంది. గర్భసంచి పాపం తన మానాన తనుంది. అల్లరి పక్కింటివాళ్ళది, ఇల్లు కూలగొట్టబోయింది దీనిది.

కోడలు ఒక్కటే అడిగింది. అంటే నొప్పి నిజమేనా డాక్టర్? నిజమేనమ్మా అని స్క్రీన్ ఇటు తిప్పాడు. వానపాముల్లాంటి నల్లటి మెలికలు. వాటిని తన పెళ్ళి ఫోటోల కంటే ఎక్కువసేపు చూసింది. కోత లేకుండా తీగతో లోపలికెళ్ళి ఆ సిరలు మూసేస్తానన్నాడు. గ్యారంటీ ఏమిటని అడిగాను. చాలామందికి బాగా తగ్గుతుంది, అందరికీ కాదు, కొన్ని వారాలు పడుతుంది, తగ్గితే ఇంకేదీ తీయనక్కర్లేదు అన్నాడు. అందరికీ అనలేదు కాబట్టి నమ్మాను.

మార్చి 19, బుధవారం

24వ తేదీ రద్దు చేయించాను. లేడీ డాక్టరు మంచి పనే చేశారంది, దానితో తగ్గకపోతే రండి అని కూడా అంది. కోడలికి ఆ రెండో ముక్కే చెవిలో ఉండిపోయింది.

మార్చి 27, గురువారం

మెడ దగ్గర గోరంత గాటు. అందులోంచి సన్నని గొట్టం. గొట్టంలోంచి చిన్న స్ప్రింగులు పంపి ఆ పాడైన సిరలు మూసేశారు. కోడలు మెలకువగానే ఉంది, లోపల ఎవరో గిలిగింత పెట్టినట్టుందట.

బయట కథ వేరు. డాక్టరు స్ప్రింగుల ఫోటో చూపించగానే మావాడు మొహం పాలిపోయి గోడ పట్టుకున్నాడు. నర్సు పరిగెత్తుకొచ్చి స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, కాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టి గాలి ఆడనివ్వండి అని అరిచింది. అప్పుడే చక్రాల కుర్చీలో బయటికొచ్చిన కోడలు, ఇంతకీ ఆపరేషన్ ఎవరికి అత్తయ్యా అంది. గ్యాస్ అని చెప్పాను.

ఏప్రిల్ 9, బుధవారం

నొప్పి ఉంది. పార్లర్ నుంచి మధ్యాహ్నమే వచ్చేసింది. మళ్ళీ నేల మీద. వియ్యపురాలు ఫోన్ చేసి, నేను చెప్పానా వదినగారూ అంది. కొన్ని వారాలు అన్నాడు డాక్టరు, రెండు వారాలు కూడా కాలేదు అన్నాను. గట్టిగానే అన్నాను. నాలో ధైర్యం అంత గట్టిగా లేదు. కోడలు విని, మీరు అబద్ధం చెప్పేటప్పుడు వ్యాకరణం ఇంకా శుద్ధంగా ఉంటుంది అత్తయ్యా అంది.

ఏప్రిల్ 26, శనివారం

పొద్దున వెళ్ళి చీకటి పడ్డాక వచ్చింది. శనివారం కదా, నాలుగు కుర్చీలూ ఖాళీ లేవట. నేరుగా వంటింట్లోకి పోయి ఫ్రిజ్ తెరిచి, నిలబడే ఏదో తింటోంది. నిలబడి తినకు అనబోయి ఊరుకున్నాను. బస్తా ఏమైందని అడిగాను. ఉంది, కానీ ఇప్పుడు గుప్పెడు ఇసుకే, నెలసరి ముందు మాత్రం ఇంకాస్త ఉంటుంది అంది. నోటినిండా పెట్టుకుని చెప్పింది. అదీ అనలేదు.

మే 9, శుక్రవారం

వంటింట్లో కోడలికీ నాకూ పెద్ద గొడవ. దేని గురించో రాయను. తప్పు ఇద్దరిలో ఒకరిదే. నిలబడే వాదించుకున్నాం, చాలాసేపు. ముందు కూర్చున్నది నేను.