కాయితంల నాయిన పేరు

జూన్ 3, సోమవారం

శైలజకు పాలమూరు ట్రాన్స్‌ఫర్ అయింది. వారంల జాయిన్ కావాలె. అన్నం ముందట కూసొని చెప్పింది. ఇద్దరం తినలే.

నాలుగేండ్లు ఒక్క గదిల పండుకున్నం. దవాఖానల డ్యూటీ దిగి వచ్చేసరికి కూర గిన్నె మీద మూత పెట్టి ఉండేది. ఇగ ఎవరు పెడుతరు...

నిజం చెప్పాల్నంటె ఏడుపు కంటె ముందు భయమే పుట్టింది. కిరాయి కాయితం ఆమె పేరు మీద ఉంది, నాది ఎక్కడ లేదు. ఆమె పోతుందంటె నాకు యాదికొచ్చింది కాయితం. ఏం మనిషిని నేను.

జూన్ 4

యాదగిరి వచ్చిండు. నాలుగేండ్ల కింద మాకు ఈ మేడ మీది పోర్షన్ ఇప్పిచ్చిన బ్రోకర్. మెట్ల మీదనే నిలబడి మాట్లాడిండు.

"పేరు మార్పు అంటె కొత్త ఇల్లు ఇప్పిచ్చినట్టే మేడం. సగం నెల కిరాయి నాకియ్యాలె."

ఏం ఇప్పిచ్చిండట? అదే తలుపు, అదే నల్లా, అదే కారే బాత్రూం. శైలజ లొల్లి పెట్టుకున్నది. ఆయన గరమ్ కాలే. "నేను చెప్పంది ఓనరమ్మ కాయితం మార్చది" అన్నడు. అదైతె నిజం.

నా ఆధార్ జిరాక్స్ అడిగిండు. రేపిస్త అన్న.

జూన్ 5

ఇయ్యలే.

జూన్ 6

పొద్దుగాల ఆరున్నరకు కింద ఓనరమ్మకు సూది వేసిన. రోజూ ఉన్నదే. ఇన్సులిన్ డబ్బా ఆమె వంటింట్ల ఫ్రిజ్‌ల ఉంటది. ఆమెకు మోకాళ్ల నొప్పి, మాటిమాటికి లేవలేదు. నేనే లోపలికి పోయి తీసుకుంట, నేనే మళ్ల పెడుత. ఫ్రిజ్ పక్కన్నే దేవుని గూడు, దీపం. నాలుగేండ్ల సంది ఆ గడప దాటుతున్న.

ఈ పొద్దు సూది తీస్తుంటె నా చెయ్యి పట్టుకున్నది. "శైలజ పోయినా నువ్వుంటవు గద బిడ్డా. మన రెడ్ల పిల్ల సర్కారు నర్సు అయిందని నేను అందరికి చెప్పుకుంట."

ఊ అన్న. ఎప్పటి లెక్కనే.

జూన్ 7

అబద్ధం చెప్పింది శైలజ. ఒప్పుకున్నది నేను.

నౌకరి వచ్చిన కొత్తల నల్లగొండల నెల దినాలు తిరిగిన ఒక గది కోసం. టు-లెట్ బోర్డు చూసి గేటు కొట్టుడు. మొదలు నీళ్లు వస్తయా అని నేనడుగుత, తర్వాత మీరు ఎవరోళ్లు అని వాళ్లడుగుతరు. మాదిగోళ్లం, చర్చికి పోతం అని సక్కగ చెప్పేదాన్ని. "మా చుట్టాలు దిగుతున్నరమ్మా, మర్చిపోయినం." అన్ని ఇండ్లల్ల ఒక్కటే మాట. బోర్డు మాత్రం మర్నాడు కూడ ఆడనే వేలాడేది.

అప్పుడు శైలజ కలిసింది. ఈ ఇంటికి వచ్చినప్పుడు ఓనరమ్మ నా దిక్కు చూసి నోరు తెరిచేలోపే, "మా చిన్నమ్మ బిడ్డ" అన్నది. కాళ్లు నొస్తున్నయి నాకు. ఊకున్న. గంతే.

జూన్ 8

ఆధార్ ఇచ్చిన. యాదగిరి చదివిండు, మళ్ల చదివిండు. తండ్రి పేరు: ఏసురత్నం.

గొంతు తగ్గించిండు. "చిన్నమ్మ బిడ్డ అన్నరు గద మేడం..."

ఆయననే సోంచాయించి బేరం మొదలుపెట్టిండు. పేరు మార్పుకు సగం కిరాయి. మీదికెళ్లి ఇంకో సగం ఇస్తె కాయితంల తండ్రి పేరు కాడ గీత కొడుతడట, ఆధార్ ఓనరమ్మ దాంక పోనియ్యడట. లేకుంటె ఇంకో దారి — శైలజ జాగల కొత్తగ దిగే పిల్ల, చిట్యాల నుంచి వచ్చే రమ్య, బీఎడ్ చదువుతాంది, ఆమె పేరు మీద రాస్తడట. "మీరు ఎప్పటి లెక్కనే ఉండుండ్రి. ఎవరికి ఫికర్ లేదు."

కోపం రాలే. అదే నాకు కోపం.

జూన్ 9, ఆదివారం

చర్చికి పోయిన. మెట్లు దిగుతుంటె ఓనరమ్మ అడిగింది, ఆదివారం కూడ డ్యూటీనా అని. అవునన్న. బైబిల్ టిఫిన్ సంచిల.

పాటలు పాడుతుంటె నాయిన యాదికొచ్చిండు. రాయొద్దనుకుంట రాస్తున్న. ఇన్నేండ్లల్ల ఒక్కనాడు రాయలే.

రెండేండ్ల కింద వచ్చిండు. మోత్కూర్ల బస్సెక్కి, బియ్యం సంచి భుజాన వేసుకొని. గేటు కాడ ఓనరమ్మ కూసొని ఉంది. మెడల సిలువ చూసింది. "ఎవరు బిడ్డా" అన్నది. నేను మెట్ల మీదున్న. నాయిన నా మొఖం చూస్తున్నడు, చెప్తదిలే అని.

"మా ఊరాయన" అన్న.

సంచి కింద పెట్టిండు. "మీ అమ్మగారు పంపిచ్చిండ్రు" అన్నడు. అమ్మగారు. నా కోసం అబద్ధాన్ని ఆయన కూడ మోసిండు, బియ్యంతోని పాటు. నీళ్లు తాగుమన్న, బస్సుందన్నడు. వెనుకకు చూడకుండ పోయిండు. ఇంటికి పోయి అమ్మతోని, పిల్ల మంచిగుంది, గాలి మంచిగొస్తది ఆ గదిల, అని చెప్పిండట. గది చూడనే లేదు.

ఆ చలికాలంల సచ్చిపోయిండు. మాఫ్ చెయ్యి నాయినా అని అడుగుదామనుకున్న, అడగలే.

ఇప్పుడు యాదగిరి సగం కిరాయి తీసుకొని చేస్తనన్న పని — ఆ పొద్దు నేను ఉట్టిగనే చేసిన.

జూన్ 10

శైలజ పోయింది. ఆటోల పరుపు, రెండు సంచులు. ఏడ్చింది. "ఆ రెండో సగం నేనిస్తనే. పరేషాన్ కాకు. మళ్ల ఇల్లు దొర్కుతదా నీకు?" అన్నది.

మంచిది ఆమె. వద్దన్న. ఎందుకు వద్దంటున్ననో చెప్పలేకపోయిన. నాయిన వచ్చిన పొద్దు ఆమె ఆఫీసుల ఉంది, ఆమెకు తెలవదు.

గది పెద్దగైంది.

జూన్ 11

యాదగిరికి మొదటి సగం ఇచ్చిన. రెండోది ఇయ్యనన్న. తండ్రి పేరు రాయమన్న, ఆధార్‌ల ఎట్లుందో అట్లనే.

రాసిండు. "మీ ఇష్టం. ఓనరమ్మకు మీరే చూపిచ్చుకోండ్రి, నేను నడుమల ఉండ" అన్నడు. పైసలు మాత్రం జేబుల పెట్టుకున్నడు.

అమ్మకు ఫోన్ చేసిన. "ఎల్లగొడితె ఏం చేస్తవు?" అన్నది. తెలవదన్న. మళ్ల ఆమెనే, "అన్ని అక్షరాలు రాసిండా? ఏసురత్నం అని పూర్తిగనా?" అన్నది. పూర్తిగనే అమ్మా.

జూన్ 12

పొద్దుందాక ఆగి మాపటికి పోయిన. ఓనరమ్మ అరుగు మీద చిక్కుడుకాయ గిల్లుతాంది. కాయితం ఇచ్చిన.

"కండ్లద్దాలు లోపలున్నయి. నువ్వే చదువు."

ఇది అనుకోలే. ఆమె చదువుకుంటది, నేను నేల చూస్త, అనుకున్న. నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది. ఇంటి నంబరు చదివిన. నా పేరు చదివిన. "తండ్రి పేరు ఏసురత్నం."

చిక్కుడుకాయ ఆగింది.

"మా నాయిన. ఆ పొద్దు బియ్యం సంచి తెచ్చిండు చూడు అమ్మా, ఆయన. మా ఊరాయన అన్న. కాదు. మా నాయిన."

రోడ్డు మీద ఉల్లిగడ్డల బండి పోయింది. తర్వాత — "ఉన్నడా?"

"పోయిండు."

"సంతకం పొద్దుగాల చూద్దాం. ఆడ పెట్టు" అన్నది. నా దిక్కు చూడలే. కాయితం ఆమె పక్కన పెట్టి, ఎగిరిపోకుండ చిక్కుడుకాయల గిన్నె దాని మీద పెట్టి వచ్చిన.

మీదికొచ్చి కూసున్న. కింద ఆమె కొడుకుతోని ఫోన్ మాట్లాడుతాంది. మాటలు తెలుస్తలేవు.

జూన్ 13

ఆరు ఇరవై. సూది, దూది తీసుకున్న. ఆమె ఏమనుకున్నా షుగర్ ఆగదు గద.

కిటికీల నుంచి అరుగు సగమే కనవడుతాంది. ఇన్సులిన్ డబ్బా తెచ్చి బయట పెట్టిందో, వంటింట్లనే ఉంచిందో... బయట ఉంటె ఇగ ఆ గడప దాటొద్దన్నట్టే, అరుగు మీదనే వేస్త. వేసి, మాపు టు-లెట్ బోర్డులు చూస్త.

కింద తలుపు గొళ్లెం తీస్తాంది. దిగుతున్న.