కళ్లు దిద్దని బొమ్మ

మకావు,
ఆదివారం.

కన్నతల్లికి, నీ గామ్-హో రాస్తున్నది.

ఈ ఉత్తరం నీకు ఫుంగ్ టీచర్ గారు చదివి వినిపిస్తారు కనుక ముందు ఆవిడకు నా నమస్కారాలు. తాయి-ఓలో ఎండ బాగా కాస్తోందా? రొయ్యల ముద్ద ఆరిందా? అన్నయ్య వల బాగుచేసుకున్నాడా?

నేను క్షేమంగా చేరాను. హాంకాంగ్ నుంచి వచ్చిన ఓడ నిండా జూదానికి వచ్చేవాళ్లే. సినిమా పెట్టెలు మోసుకుంటూ దిగింది మేమొక్కళ్లమే. మేం తీస్తున్నది ముప్పై ఏళ్ల కిందటి కథ. నా పనేమిటో నీకు చెప్పాను కదా. ఒక షాట్‌లో నటుడి సిగరెట్ ఎంత కాలింది, టోపీ ఏ పక్కకు వంగింది అన్నది రాసుకుని, తర్వాతి షాట్‌లోనూ అలాగే ఉందో లేదో చూసి చెప్పాలి.

పెద్ద జూదశాలల వెనక ఒక పాత సందు ఉంది. మా కళాదర్శకుడు లౌ గారు అందులో అడుగు పెట్టగానే దణ్ణం పెట్టినంత పని చేశారు. "చూశారా! ఒక్క మేకు కొట్టక్కర్లేదు. దేవుడే సెట్టు వేసి పెట్టాడు" అన్నారు. నిజమే అమ్మా. రంగు వెలిసిన ఎర్ర కిటికీలు, ఆకుపచ్చ గాజు దీపాలు, కిర్రుమంటూ తిరిగే ఫ్యాన్లు, సగం అక్షరాలు ఆరిపోయిన నియాన్ బోర్డు, దాని వెలుగు పడి ఎర్రబడిన తడి నేల. చిన్నప్పుడు సముద్రదేవత పండక్కి ఒడ్డున తెర కట్టి చూపించిన సినిమాల్లోకి నడిచి వెళ్లినట్టే ఉంది. పిచ్చిదానిలా నిలబడిపోయాను. పైకిటికీలోంచి ఎవరో ఉమ్మితే గాని, ఆ గదుల్లో మనుషులుంటారన్న సంగతి నాకు తట్టలేదు.

ఇక అసలు మాట. నాన్న మకావు ఓడ ఎక్కి ఏడేళ్లయింది. కబురు లేదు. ఆయన పోయినట్టే లెక్కనీ, నువ్వు చెక్కించిన ఆయన బొమ్మకు ఎర్రసిరాతో కళ్లు దిద్దించి పెద్దల పీఠం మీద పెడితే తప్ప ఆయనకు అన్నం అందదనీ అన్నయ్య తొందరపెడుతున్నాడు. బతికున్న మనిషి బొమ్మకు కళ్లు దిద్దితే అంతకన్నా పాపం లేదని నువ్వు వణికిపోతున్నావు. నేను బయల్దేరేటప్పుడు నువ్వు కోరింది ఒక్కటే: "ఉన్నాడో లేడో చూసి చెప్పు." వెతుకుతాను అమ్మా. అంతదాకా ఆ బొమ్మ జోలికి ఎవర్నీ పోనివ్వకు.

నీ కూతురు
గామ్-హో

*

మకావు,
బుధవారం.

పూజ్యులైన ఫుంగ్ టీచర్ గారికి,

ఈ కవరులో రెండు కాగితాలున్నాయి. ఒకటి అమ్మకు చదివి వినిపించండి. ఇది మాత్రం మీ ఒక్కరికే. అమ్మ కాగితంలో "నాన్న పోయాడని ఇక్కడివాళ్లు చెప్పారు, కళ్లు దిద్దించు" అని రాశాను. అది అబద్ధం. నాకు అక్షరాలు దిద్దించిన మీ చేతే దాన్ని చదివిస్తున్నందుకు నన్ను క్షమించండి.

నిన్న జూదపు బల్ల సన్నివేశం తీశాం. బల్ల చుట్టూ కూర్చోడానికి ఆ సందులో ఉండే ముసలివాళ్లనే కూలికి తెచ్చారు. "ఇలాంటి ముఖాలు ఎక్కడ దొరుకుతాయి? వీళ్లకి మేకప్ కూడా దండగే" అని లౌ గారు మురిసిపోయారు. ఒకాయనకు బూడిదరంగు కోటు తొడిగి, అంచు వంగిన టోపీ పెట్టారు. దీపపు వెలుగు టోపీ మీద ఆగిపోయి ముఖమంతా నీడలో ఉంది. పొగ సన్నగా పైకి లేస్తోంది. అంత అందంగా కుదిరిన దృశ్యం నేనింతవరకు చూడలేదు. టోపీ ఎంత వంగిందో రాసుకుందామని స్క్రిప్టు పట్టుకుని దగ్గరికి వెళ్లాను.

"ఏయ్ పిల్లా! ఆ పుస్తకం అవతల పెట్టు! బల్ల దగ్గరికి తెస్తావేం?"

పక్కనున్న ముసలాయన పకపకా నవ్వాడు. "ఉత్తుత్తి బిళ్లలేగా, నీ బొంద! ఓడితే నీ సొమ్మేం పోయింది?"

"ఉత్తుత్తివైనా సరే. పుస్తకం ఉన్నచోట గెలుపుండదు."

ఆ గొంతు మా నాన్నది.

టీచర్ గారూ, మన భాషలో 'పుస్తకం' అన్నా 'ఓటమి' అన్నా ఒకటే శబ్దం కావడం మీరు తరగతిలో నవ్వుతూ చెప్పే తమాషా. నేనెప్పుడూ నవ్వలేకపోయాను. పడవే ఇల్లయిన మా వంశంలో బడి గడప తొక్కినవాళ్లు లేరు. మీరు పట్టుబట్టి నన్ను చేర్చుకున్నాక, నాన్న ఓడి వచ్చిన ప్రతిసారీ "ఇది పడవలోకి ఓటమిని మోసుకొస్తోంది" అనేవాడు. వెళ్లిపోయిన రోజు నా సంచి నీళ్లలోకి విసిరేసి మరీ ఆ మాట అన్నాడు. అప్పట్నుంచీ, నేను తిప్పే ప్రతి పుట ఆయన్ని ఇంకొంచెం దూరం తోస్తోందని నమ్ముతూనే చదివాను. చదువు మానలేదు, ఆ నమ్మకమూ పోలేదు. ఎవరికీ చెప్పుకోలేదు.

విరామంలో టీ తీసుకెళ్లి ఇచ్చి, "నాన్నా" అన్నాను.

ఆయన టీ అంతా తాగేసి గ్లాసు నా చేతికిచ్చాడు. "మీ అమ్మ పంపిందా?"

"పని మీద వచ్చాను. ఈ సినిమాలోనే నా ఉద్యోగం."

"ఆ పుస్తకం పట్టుకు తిరగడమేనా? దానికి జీతమిస్తారా?"

"ఇస్తారు."

"పోన్లే. మన ఇంట్లో ఒకరైనా గెలిచారు."

బొమ్మ సంగతి చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. దానికే నాకు భయం వేసింది. "చెక్కించిందా? ముక్కు సరిగ్గా కుదిరిందా?" అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. "పోయాడని చెప్పు. కళ్లు దిద్దించెయ్యమను. పండక్కైనా మీ అమ్మ వండిన అన్నం నా ముందుకొస్తుంది."

"ఇంటికి వచ్చి తిను నాన్నా."

"చచ్చినవాడికైతే పీఠం మీద చోటుంటుంది. ఇలా వచ్చినవాడికి ఎక్కడుంటుందే, పిచ్చిదానా?"

ఇంతలో షాట్‌కు పిలిచారు. ఆయన టోపీ సర్దుకుని, "ఇందాక ఇలాగే ఉందా?" అని నన్నే అడిగాడు. ఉందన్నాను.

ఆయన కోరినట్టే రాశాను. అమ్మకు ఎదురుచూపు తీరుతుంది, ఆయనకు అన్నం దొరుకుతుంది. ఇది తప్పయితే మీరు నన్ను మందలించండి. అమ్మకు మాత్రం చెప్పకండి.

మీ విద్యార్థిని
షెక్ గామ్-హో

*

తాయి-ఓ,
శనివారం.

చిరంజీవి గామ్-హోకు,

నువ్వు చెప్పినట్టే చేయబోయాను, చేతకాలేదు. నీది నేను లోలోపల చదువుకుని, అమ్మ కాగితం పైకి చదివాను. ఆవిడ కన్నీరు పెట్టలేదు. "ఆ రెండోది?" అంది. నాకు రాసిందన్నాను. "మా ఆయన చచ్చిపోయాడని చదివినప్పుడు గొంతు వణకలేదు. ఆ రెండోది మడిచేటప్పుడు మీ చేతులు వణికాయేం టీచరమ్మా?" అంది. చదివేశాను తల్లీ. ఇక్కడినుంచి మాటలు ఆవిడవి. చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను.

"ఓసి పిచ్చిమొహమా, నువ్వు పుట్టకముందు మన పడవలో కాగితమ్ముక్క లేదు. అప్పుడూ ఓడాడు. నా గాజులు ఓడాడు, మా నాన్న కొనిచ్చిన ఇంజను ఓడాడు. ఆయన ఓడిపోలేకపోయింది నీ చదువొక్కటే. దాన్ని పందెంలో పెట్టడం కుదరలేదు, అదీ ఆయన కోపం. ఇన్నేళ్లూ ఇది కడుపులో పెట్టుకు తిరిగావా? నన్నడగడానికి నోరు లేదా?

"ఇక మీ నాన్న సంగతి. చచ్చినవాళ్ల అన్నం తినాలంటే చావాలి. బతికున్నవాళ్ల అన్నం తినాలంటే రావాలి. ఏదీ చెయ్యకుండా బొమ్మలో దూరి తింటానంటే నేను పెట్టను. వెళ్లి ఈ మాట చెప్పు. వస్తే తిడతాను. ఊరంతా వినేలా తిడతాను. ఆ తర్వాత చాప పరుస్తాను."

ఇంత చెప్పి పొయ్యి దగ్గరికి వెళ్లింది. నేను కవరు అంటిస్తుంటే మళ్లీ వచ్చింది.

"కోటు రాసింది, టోపీ రాసింది, దీపం రాసింది. మనిషెలా ఉన్నాడో రాయలేదేం? సన్నబడ్డాడా? దగ్గుతున్నాడా? అది రాయమనండి."

ఆశీస్సులతో
ఫుంగ్

*

మకావు,
గురువారం.

అమ్మకు,

నీ మాట చేరగానే ఆ సందుకి పరిగెత్తాను. అప్పటికి వారం రోజులుగా మేము రేవు దగ్గర తీస్తున్నాం, ఆయన్ని చూడలేదు. పై అంతస్తులో, చెక్కలు అడ్డం కట్టిన గదిలో ఒక మంచం ఆయనది. దాని మీద ఇంకెవరో పడుకుని ఉన్నాడు. "షెక్ ముసలాడా? సినిమా కూలి చేతిలో పడగానే జూదానికి పోయాడు. తిరిగి రాలేదు. మంచం ఖాళీగా ఉంచుతారా ఎవరైనా?" అని అటు తిరిగి పడుకున్నాడు. ఆసుపత్రిలో అడిగాను. పోలీసులను అడిగాను. జూదశాలల వాకిళ్ల దగ్గర నిలబడ్డాను. ఆయన లేడు.

నిన్న ఆ బల్ల సన్నివేశంలో మిగిలిన ముక్క తీశారు. నాన్న కోటూ టోపీ మరో ముసలాయనకు తొడిగి అదే దీపం కింద కూర్చోబెట్టారు. కోటు బిగుతైంది. దర్జీ భుజాల దగ్గర కుట్లు విప్పి, లోపల కుక్కిన దూదిని పిడికిళ్లతో లాగి నేల మీద పడేశాడు. అంత దూది పెడితే గాని ఆ కోటు నాన్న ఒంటి మీద నిలవలేదు. అవునమ్మా, సన్నబడ్డాడు. దగ్గుతున్నాడు కూడా. షాట్ మొదలయ్యేముందు గట్టిగా దగ్గేసి, తర్వాత ఊపిరి బిగపట్టి కూర్చునేవాడు. ఇవన్నీ ఆ రోజే చూశాను. రాస్తే టీచర్ గారి దగ్గర నా అబద్ధం నిలబడదని రాయలేదు.

లౌ గారు నన్ను పిలిచి, "ఏమ్మా, అలాగే ఉందా?" అని అడిగారు.

"ఈయన ఆయన కాదు సార్" అన్నాను.

"మనిషి సంగతి ఎవడడిగాడమ్మా? టోపీ సంగతి చెప్పు."

టోపీ సరిగ్గానే ఉంది. చెప్పాను.

అమ్మా, ఆ మంగళవారం నాన్న బతికే ఉన్నాడు. నా చేతి టీ తాగాడు. అంతకు మించి ఏం రాసినా అబద్ధమవుతుంది.

నీ కూతురు
గామ్-హో