కోయకముందే చూడవలసిన నా కుడి కన్ను

ముప్పయ్యేళ్ల కిందట ఒక గురువారం, నా సహోద్యోగి, కంటి శస్త్రవైద్యుడు తొగాషి షూజో నాకొక మాట ఇచ్చారు. మేం గాజుపాత్రలో పెంచిన మొట్టమొదటి కంటి కణాల పొరను, అది బతికుండగానే, నేను నా సూక్ష్మదర్శిని యంత్రం కింద చూసేదాకా ఎవరినీ ముట్టనివ్వనని. శనివారమే దాన్ని తానే కోసి, రంగు పట్టించి, సదస్సు కోసం ఫొటో తీశారు. వారం పేరుతో సహా గుర్తుంది గనుక నా తెలివి నిలకడగా ఉందని నోటరీగారు రాసుకోవచ్చు.

క్యోటో నగరం, ఫుషిమి నివాసి నిషిగోరి తమోత్సు అనే నేను, ఎనభైమూడేళ్ల వయసులో, ఎవరి ఒత్తిడీ లేకుండా చెప్పి రాయిస్తున్నది:

1. ఇల్లు, బ్యాంకులోని సొమ్ము నా చెల్లెలి కూతురు చిసాకోకు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా తనదే. "మామయ్యా, ఈ పుస్తకాలన్నీ నీతోపాటే కాల్చేస్తే ఓ పనైపోతుంది కదా?" అంటుంది. అందుకని పుస్తకాలు మాత్రం పేట గ్రంథాలయానికి.

2. నా భార్య ఫుమియె నలభై ఏళ్లు బతికించిన, కూరగాయలు ఊరేసే పులిసిన తవుడు కుండ నా శిష్యురాలు మినేగిషి కనాకు. రోజూ చేత్తో అడుగుదాకా కలపకపోతే అందులోని పులుపు చచ్చిపోతుంది. కనాకు ఇది చెప్పనక్కరలేదు. కొత్త సంవత్సరం నాడు కూడా కణాలకు ఆహారం మార్చడానికి ప్రయోగశాలకు వచ్చేది. "పండగపూటైనా ఇంట్లో ఉండకూడదూ?" అంటే, "వీటికి క్యాలెండర్ లేదు కద సార్" అనేది.

3. మా సంస్థలో ప్రయోగాల్లో పోయిన కుందేళ్లకు ఏటా జరిపే సంస్మరణకు తెల్ల చామంతులు పంపాలి. డైరెక్టర్ మారినప్పుడల్లా ప్రసంగం పొడవవుతోంది. కుందేళ్లే నయం, ఓపిక గలవి.

4. నా కుడి కన్ను కనా ప్రయోగశాలకు. పందొమ్మిదేళ్ల కిందట క్షారం చింది ఆ కన్ను పోయింది. ఎడమ కంటి అంచు నుంచి కాసిని కణాలు తీసి, పొరగా పెంచి, దానికి అతికించింది తొగాషిగారే. ఆ కంటితోనే ఇవాళ్టికీ చదువుకుంటున్నాను. సుఖంగా ఉన్నాను. అయితే ఆ పొరలోని కణాలే ఇంకా నిలిచి ఉన్నాయా, లేక పక్క కణాలు వాటి చోటు తీసుకున్నాయా? నా బతుకులో తేలనిది ఇదొక్కటే. తేల్చడానికి కావలసినంత వెలుగు బతికున్న మనిషి కంట్లో వేయకూడదు. కాబట్టి నా ఊపిరి ఆగిన ఆరు గంటల్లోగా, కంటి కణాలు ఇంకా బతికుండగానే, రంగు వేయకుండా, కత్తి తగలకుండా, కనా దాన్ని నా యంత్రం కింద పెట్టాలి. ఆ తరవాత ఏమైనా చేసుకోవచ్చు.

5. తొగాషి షూజోకు ఆస్తిలో చిల్లిగవ్వ లేదు. యంత్రంలో మొదటి చూపు మాత్రం ఆయనది. చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి. ఆ శనివారం ఆయన, "ఒక్కటే కదండీ, ఇంకోటి పెంచేద్దాం లెండి" అన్నారు. ఇంకోటి పెరగడానికి నాలుగేళ్లు పట్టింది. నా కన్నుకు ఇంకోటి లేదు.

చట్టం ప్రకారం దీన్ని సాక్షుల ఎదుట పైకి చదవాలి. ఆస్తి పొందేవారు సాక్షులుగా పనికిరారు. అందుకే రెండో సాక్షిని ఏరికోరి పిలిచాను. చదివినంతసేపూ నోరు మెదపనని మాట ఇచ్చారు. ఈ మాటైనా నిలుపుకుంటారేమో చూద్దాం.

2023 నవంబరు 14

నిషిగోరి తమోత్సు (సంతకం, ముద్ర)

మొదటి సాక్షి: ఒకుదైరా మసానె, పక్కింటివారు.

రెండో సాక్షి, నాకు చూపు తెచ్చిపెట్టినా ఆ శనివారం విషయంలో నేను ఇంకా క్షమించని మనిషి: తొగాషి షూజో.