జులాబు తర్వాత అన్న కాళ్లు

బుధవారం రాత్రి, మే 1962
నల్లగొండ దవాఖాన వరండా

ఒళ్లు శుద్ధి కావాలని బాపు మూడు రోజులు వరుసగా అన్నకు జులాబు మందు తాగించాడు. భేదులై భేదులై, ఈ పొద్దున అన్న మగ్గం గుంటలో కాళ్లు కదపలేక కూలబడ్డాడు. పని ఎగ్గొడుతున్నాడని బాపు చింత బరికెతో పిక్కలు చీరేశాడు. అన్న గావుకేకలు పెట్టాడు గానీ కాలు వెనక్కి తీసుకోలేదు.

నేను అడ్డం పోయి, బి.ఎస్సీ. చదివిన గాంభీర్యంతో ఉపన్యసించాను: భేదులతో పొటాషియం పోయింది, అది తగ్గితే కండ కణాల్లో కరెంటు తూకం తప్పుతుంది, ఇక నరం ఎంత పిలిచినా కండ పలకదు.

"గట్లనా? మరి నీకున్నదా కరెంటు?" అని బాపు నా మూతి పగలగొట్టాడు. పుష్కలంగా ఉన్నట్టు రుజువైంది. ఒక్క ఉరుకున పోయి బండి తెచ్చాను.

డాక్టరు నా మాటే చెప్పి, "గుండె కూడా కండే, పెద్దయ్యా" అన్నాడు. పొటాషియం మందు తాగించినప్పటి నుంచి బాపు అన్న పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దుగూకినాక అన్న కుడికాలు ఎగిరి బాపు ముక్కు మీద తగిలింది. కండ తనంతట తానే ఎగిరిందో, అన్నే తన్నాడో నేనడగలేదు.

కారుతున్న రక్తం తుడుచుకోకుండా బాపు అన్నాడు: "ఎడమ కాలితోని గూడ తన్ను, బిడ్డా."