ఎర్రదారం చుట్టిన స్కేలు

వదినా,

స్టేషన్ ఊసెత్తితే గడప తొక్కనివ్వనన్నావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. చింపే ముందు ఈ నాలుగు ముక్కలూ చదువు.

పోలీసు కాల్పుల్లో ఎవరు చనిపోయినా, ఆ మనిషి ఎవరో, చేతిలో ఏముందో ఇకపై ప్రభుత్వానికి రాసి పంపాలట, పాత కేసులతో సహా. అన్నయ్య గురించి రాసింది పంపేముందు చూసుకోమని నన్ను స్టేషన్‌కి పిలిచారు. చూస్తే 'చేతిలో ఆయుధం' అని ఉంది. నాకు ఒళ్లు మండింది.

"దుకాణం తలుపు కొలుస్తున్న మనిషిని దొంగనుకుని కాల్చారు. వడ్రంగి చేతిలో మడత స్కేలు ఉండక గరిటె ఉంటుందా?" అన్నాను.

కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ కోప్పడలేదు. సీలేసిన సంచీ తెప్పించి నా ముందే విప్పింది. విరిగిన మడతకి నువ్వు చుట్టిన ఎర్రదారం ఇంకా ఊడలేదు వదినా. ఆవిడ స్కేలు పూర్తిగా తెరిచి, అంకెలు చూసి, "ఇది కొలిచేది కదండీ," అంది. ఆయుధం అన్న మాట కొట్టేసి, 'వడ్రంగి స్కేలు' అని తన చేత్తోనే రాసింది.

కాల్చినవాణ్ణి ఏం చేస్తారో నాకు తెలియదు. కానీ 'మీ నాన్న కత్తి దూశాడట' అని బడిలో పిల్లని ఎవరైనా అంటే, ఇక సర్కారు కాగితమే మన తరఫున మాట్లాడుతుంది.

దాని కింద నీ సంతకం కావాలి. సోమవారం రా, స్టేషన్ మెట్ల దగ్గరే నిలబడి ఉంటాను. స్కేలు నీకే ఇచ్చేస్తారట. పిల్లకి చదువుకునే బల్ల చేస్తానని అన్నయ్య తెచ్చిన చెక్క ఇంకా అటక మీదే ఉందిగా. దించి ఉంచు. కొలత నేను తీస్తాను.

నీ కోపానికి జడిసే
మరిది