నాలుగు సెకన్లు

కోదాడ,
6 ఫిబ్రవరి 1949

ప్రియమైన లీలావతికి,

నేను క్షేమం. మేనమామకు విరిగిన చెయ్యి ఇంకా అతుక్కోలేదు. పెళ్లిళ్ల రోజులు కదా, ఆయన ఫోటో స్టూడియో వదిలి నెల దాకా రాలేను. సూర్యాపేటలో మన స్టూడియో నువ్వు చూసుకుంటున్నావు కాబట్టి నాకు దిగులు లేదు.

బెజవాడ నుంచి ఒకాయన రెండు కెమెరా లెన్సులు అమ్మకానికి తెచ్చాడు. రెండూ గదిలో కూర్చోబెట్టి ముఖాలు తీయడానికి పనికొచ్చేవే. పొడుగుదానితో దూరం నుంచి తీయొచ్చు, ముఖం ఉన్నది ఉన్నట్టు అందంగా వస్తుంది. కానీ వెలుతురు చాలా కావాలి. పొట్టిదాని కన్ను పెద్దది, మసక గదిలో కూడా అర సెకను చాలు. కానీ దగ్గరికి జరిగితే ముక్కు లావుగా పడుతుంది. ఒక్కటే తీసుకోగలం. నా మనసు పొడుగుదాని మీద ఉంది. నువ్వేమంటావు?

నీ ప్రభాకర్

సూర్యాపేట,
10 ఫిబ్రవరి

ప్రియమైన మీకు,

పొట్టిదే తీసుకోండి. ఎందుకంటే, నిన్న సుక్కమ్మ అనే ఆమె వచ్చింది. భర్త కొండల్ అయిదు నెలలుగా జైల్లో ఉన్నాడు. ఆయన్ను తీసుకుపోయాక ఆడపిల్ల పుట్టింది. పిల్ల దక్కలేదని ఎవరో ఆయనకు చెప్పారట. మిర్యాలగూడలో ఉండే ఆమె తమ్ముడు మల్సూర్ ములాఖత్‌కు వెళ్లి, బతికే ఉందన్నా నమ్మలేదట. "నా పానం నిమ్మలం చేస్తందుకు అబద్ధం చెప్తున్నవ్" అని అన్నం పక్కకు నెట్టేశాడట.

"ఫోటువ తియ్యమ్మా. కండ్లతోని సూస్తెనన్న నమ్ముతడు," అంది.

పాపకు దగ్గు, బయటికి తేవద్దన్నారు. వాళ్ల చీకటి గదిలోనే తీయాలి. మన పాత లెన్సుకు అక్కడ నాలుగు సెకన్లు పడుతుంది. పసిపిల్ల అంతసేపు కదలకుండా ఉంటుందా? మల్సూర్ మళ్లీ వచ్చే వారం, శుక్రవారం వెళ్తాడు. త్వరగా పంపండి.

మీ లీలావతి

కోదాడ,
13 ఫిబ్రవరి

ప్రియమైన లీలావతికి,

నీ ఉత్తరం అందేలోపే పొడుగుది తీసేసుకున్నాను. కోప్పడకు. పాపను నిద్రపుచ్చి పాత లెన్సుతోనే తియ్యి. కదలదు, ముఖం తేటగా వస్తుంది.

ప్రభాకర్

సూర్యాపేట,
18 ఫిబ్రవరి

ప్రియమైన మీకు,

మీరు చెప్పినట్టే తీశాను. ముఖం ఎంత తేటగా వచ్చిందో! సుక్కమ్మ ఆ ఫోటో చూడగానే తిరిగి నా చేతిలో పెట్టేసింది.

"గిట్ల పండుకున్నది సూపిస్తె, పోయినంకనే తీయించిన్రు అనుకుంటడమ్మా."

నాకు ముందే తట్టలేదు. మేలుకున్నప్పుడు మళ్లీ తీశాను. సుక్కమ్మ ఊపిరి బిగబట్టి బొమ్మలా కూర్చుంది. పాప మాత్రం తల తిప్పింది, చేతులాడించింది. ముఖం ఉండాల్సిన చోట పొగలాంటి మరక పడింది. మల్సూర్ బస్సు వేళయింది. సిగ్గుతో వెనక మన స్టూడియో ముద్ర కూడా వేయకుండా ఇచ్చాను.

లీలావతి

సూర్యాపేట,
27 ఫిబ్రవరి

ప్రియమైన మీకు,

మల్సూర్ వచ్చి వెళ్లాడు. అప్పుడు నేను సుక్కమ్మ ఇంట్లోనే ఉన్నాను. ఫోటో చేతికిస్తే కొండల్ చాలాసేపు చూశాడట. మల్సూరే ఉండబట్టలేక "మొహం తెలుస్తలేదు బావా, ఏమనుకోకు" అన్నాడట.

"తెల్వకుంటేంది? సచ్చిన పిల్ల చేతులాడిస్తదా?" అని కొండల్ బోరున ఏడ్చాడట. ఆ పూట అన్నం తిన్నాడట. పాపకు సోమమ్మ అని పేరు పెట్టమన్నాడట. అది కొండల్ తల్లి పేరు. భర్త చెప్పందే పేరు పెట్టనని సుక్కమ్మ ఇన్నాళ్లూ బిడ్డను ఉత్తగా, మనం అమ్మా అన్నట్టు, "అవ్వా" అనే పిలుస్తోంది. మల్సూర్ చెబుతుండగానే నా ముందే నాలుగైదుసార్లు ఆ పేరుతో పిలుచుకుంది. నిద్రలో తీసిన ఫోటో పంపడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు.

మీ పొడుగు లెన్సు పెళ్లికొడుకులకైతే బాగుంటుంది. ఆ బెజవాడ ఆయన ఇంకా అక్కడే ఉంటే మాత్రం బతిమాలైనా మార్చుకుని పొట్టిది తీసుకురండి. సోమమ్మ బతికి ఉందని తండ్రికి తెలిసింది. ఎవరి పోలికో ఇంకా తెలియదు.

మీ రాక కోసం చూస్తూ,
లీలావతి