రెండో బొంత

నా బంగారు చిట్టికి,

అమ్మ దీవెనలు. నువ్వు మంచం దిగడం లేదు కదా? నేను బాగానే ఉన్నాను. ఇక్కడ పక్షుల పని చూసే ముగ్గురికి వండి పెట్టడం, పూజ చేసుకోవడం, సముద్రం వంక చూడటం. ఈ దీవిలో ఎటు నడిచినా నీళ్లే ఎదురొస్తాయి.

నన్ను ఇక్కణ్ణుంచి ఎందుకు రానివ్వరని అడిగావు. ఒకప్పుడు ఇక్కడ ఎలుకల బాధ పడలేక పిల్లుల్ని తెచ్చారట. అవి ఎలుకల్నీ తిన్నాయి, పక్షుల్నీ తిన్నాయి. పిల్లుల్ని తీసేస్తే ఎలుకలు విరగబడి గుడ్లన్నీ తినేశాయి. పక్షులు లేక రెట్ట లేదు, రెట్ట లేక నేలలో సారం పోయి చెట్లు ఎండాయి. "ఒక్కదాన్ని కదిపితే అన్నీ కదులుతాయమ్మా" అంటారు మా పక్షుల సారు.

ఇప్పుడు ఎలుకల్ని ఏరేశారు. ఆరు నెలలు ఒక్క జాడ కూడా కనబడకపోతేనే మనుషుల్ని పడవ ఎక్కనిస్తారు. దారిలో పడవ ఆగే దీవి నిండా పక్షులే, అక్కడ ఎలుకన్నదే లేదు. మా మూటల్లో ఒక్క ఎలుక వెళ్లినా ఆ దీవి పని అంతే. అందుకే ఉత్తరాలు కూడా మూత బిగించిన డబ్బాలో పెట్టి తాడుతో పడవకి అందిస్తాం.

గడువు వచ్చే నెలతో తీరుతుంది. పురిటికి నీ పక్కనే ఉంటాను. పాత చీరలతో బొంత కుడుతున్నాను.

ఆశీస్సులతో,
అమ్మ

---

ప్రియమైన అమ్మకి,

నీకు సముద్రమైనా ఉంది. నాకు ఒక కిటికీ, ఒక ఫ్యాను. బీపీ తగ్గలేదని డాక్టరమ్మ పక్క మీంచి లేవద్దంది. నీ అల్లుడి వంట తిని ఇంకా బతికున్నానంటే నీ పూజల వల్లే. నిన్న అన్నం అడుగంటితే, "పైది నీకు, కిందది నాకు" అని నవ్వించాడు. రాత్రి మాత్రం భయం వేస్తోందమ్మా. మొదటిసారి పోయినట్టు ఈసారీ పోతే?

నువ్వు రావాలి. ఇంకేం చెప్పొద్దు.

నీ చిట్టి

---

చిట్టి తల్లికి,

ఈ మాట దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. సోమవారం బట్టలు ఉతకబోతే సబ్బు అంచున రెండు సన్నటి గీతలు. పళ్లతో గీరినట్టు. చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. సారుకి చూపిస్తే మళ్లీ ఆరు నెలలు మొదలు.

సబ్బుని నీళ్లలో పెట్టి రుద్దాను. గీతలు కరిగిపోయేదాకా రుద్దాను.

అవి నా గోటి గుర్తులు కూడా కావచ్చు కదా?

అమ్మ

---

అమ్మా,

గోటి గుర్తులే. ఎవరికీ చెప్పకు, నా మీద ఒట్టు. నీకు ఆ పక్షులు ఎక్కువా, నేను ఎక్కువా? నీ గది తుడిచి పెట్టించాను. డాక్టరమ్మ ఇంకో రెండు వారాలు అంటోంది. నువ్వు ఎక్కే పడవ ముందే వస్తుంది.

చిట్టి

---

నా తల్లీ,

పడవ వచ్చింది. నేను రాలేదు. చదవడం ఆపకు.

నువ్వు చెప్పినట్టే నోరు మూసుకున్నాను. "రేపు ప్రయాణమమ్మా, మా నాలుకలకి ఇక గతి ఏంటి?" అని సారు వేళాకోళం ఆడితే నవ్వాను కూడా. సాయంత్రం మంచం కింద నుంచి మూట లాగి, బొంత విప్పాను. మధ్యలో పోగులు పీకి గూడు కట్టి ఉంది. అందులో ఎర్రగా, కళ్లు తెరవని పిల్లలు ఏడు. తల్లి నా కాళ్ల మీదుగా పారిపోయింది.

దానికీ పురుడు పోసుకోవడానికి చోటు కావాల్సి వచ్చింది. నీ బిడ్డ కోసం మెత్తగా కుట్టిన చోటే దానికి నచ్చింది.

విప్పకుండా తెచ్చి ఉంటే? వాటిని ఆ పక్షుల దీవికి నా చేతులతోనే మోసుకెళ్లేదాన్ని. బొంత అలాగే ఎత్తి సారు ముందు పెట్టాను. సబ్బు సంగతీ చెప్పాను. తిడితే బాగుండేది. ఆయన వెళ్లి బోను తెచ్చారు. పిల్లల్ని బోనులో ఉంచారు. ఇన్నాళ్లూ ఏ ఎరకీ లొంగని ఆ తల్లి తెల్లారేసరికి బోనులో ఉంది. నేను చూడలేక లోపలికి పోయి దీపం ముందు కూర్చున్నాను. బొంతని కాల్చేశారు.

ఇంకా ఎన్ని ఉన్నాయో తెలియదు. ఆరు నెలలు మళ్లీ మొదలు.

నీ ప్రశ్నకి జవాబు, నువ్వే ఎక్కువ. అయినా రాలేకపోయాను. కోపం వస్తే కోప్పడు, కానీ బిడ్డ పుట్టగానే ఒక్క ముక్క రాయి. డబ్బా మూత తీసేదాకా నాకు ముద్ద దిగదు.

ఇంకో చీర చింపి కొత్త బొంత మొదలుపెట్టాను. ఈసారి కొలత పెంచాను. నేను వచ్చేసరికి బిడ్డ పాకుతూ ఉంటుంది.

అమ్మ